ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటే చేప పుట్టుపూర్వోత్తరాలు తెలిసినట్టేనా?

ప్రశ్న ఇది: ఫ్రోజెన్ చేప ముక్కలు అమ్మే సరఫరాదారు, ప్యాకెట్ స్కాన్ చేస్తే ఏ బోటు పట్టిందో కూడా కనిపిస్తుందని చెప్తున్నాడు. అది నిజమో కాదో కొనేవాళ్లు ఎలా తేల్చుకోవాలి?

ముందు వేర్వేరు తయారీ తేదీలున్న ప్యాకెట్లు రెండు తీసుకుని స్కాన్ చేయండి. రెండింటికీ అదే బోటు ఫొటో, మ్యాపు మీద అదే చుక్క వస్తే అది ప్రకటన. లాటు, అంటే ఒకే విడతలో తయారైన సరుకు, మారితే వివరాలూ మారాలి. మారాయా, అప్పుడు అసలు పరీక్ష మొదలుపెట్టండి.

మీకు నచ్చిన ఒక లాటు నంబరు మీరే ఎంచుకుని, దాని కాగితాలన్నీ 24 గంటల్లో పంపమనండి. ఎంపిక వాళ్లకి వదిలేస్తే ముస్తాబు చేసి పెట్టుకున్న లాటే వస్తుంది. 24 గంటలు అన్యాయమైన గడువేమీ కాదు, అమెరికాలో ఆహారం ఎక్కడిదో జాడ తీసే (ట్రేసబిలిటీ) నిబంధనలోనూ అధికారులు అడిగితే ఇవ్వాల్సిన సమయం అంతే. రావాల్సినవి: చేప శాస్త్రీయ నామం, బోటు పేరు, నంబరు, జెండా (ఏ దేశంలో నమోదైందో), వేట తేదీలు, వేట ప్రాంతం, వల రకం, ఒడ్డుకు దించిన చోటు, ప్రతి చేతి మార్పిడి దగ్గరా బరువు. టైపు చేసిన పట్టిక ఒక్కటే వస్తే ఒప్పుకోకండి. కాటా చీటీ, ప్లాంటు గేటు దగ్గరి రిజిస్టరు పేజీ ఫొటోలు కూడా అడగండి. గీతలు, కొట్టివేతలు ఉన్న పేజీని చూసి భయపడక్కర్లేదు. నెల మొత్తం ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ముత్యాల్లా ఉన్న పేజీనే నేనైతే అనుమానిస్తాను.

బోటు నంబరు దగ్గర చిన్న లెక్క పనికొస్తుంది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) పేరుతో ఓడలకు ఇచ్చే గుర్తింపు నంబరుకు ఏడంకెలు. మొదటి ఆరింటిని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, ఆ మొత్తం చివరి అంకె నంబరులోని ఏడో అంకెతో సరిపోవాలి. 9074729 తీసుకుంటే 63, 0, 35, 16, 21, 4. మొత్తం 139, చివర 9, సరిపోయింది. నోటికొచ్చిన ఏడంకెలు రాసేస్తే పదింట తొమ్మిదిసార్లు ఇక్కడే దొరుకుతాయి. బోటు పేరు మారినా, జెండా మారినా ఈ నంబరు మారదు. అయితే చిన్న పడవలకు ఇది ఉండదు, వాటికి ఆ దేశపు రిజిస్ట్రేషన్ నంబరే ఆధారం.

వేట ప్రాంతం గడిలో "ఎఫ్‌ఏఓ 51" అని మాత్రమే ఉంటే ఏమీ తెలిసినట్టు కాదు. అది ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) గీసిన వేట ప్రాంతం, పశ్చిమ హిందూ మహాసముద్రమంతా. ఎన్నో దేశాల జలాలూ, ఎవరివీ కాని సముద్రమూ అందులోనే ఉన్నాయి. ఎవరి జలాల్లో పట్టారు, అనుమతి పత్రం ఏది అని అడగాలి.

మోసం ఎక్కువగా దాక్కునేది బరువుల్లో. ప్లాంటులో ఐదు బోట్ల చేప ఒకే బల్ల మీద పడ్డాక ఏ ముక్క ఏ బోటుదో కళ్లతో చెప్పలేం, లెక్కతోనే చెప్పాలి. ఒక లాటులో 10,000 కిలోల చర్మం తీసిన ఫిల్లెట్లు అమ్మారనుకుందాం. ప్లాంటు సొంత రికార్డుల ప్రకారం దిగుబడి, అంటే లోపలికి వచ్చిన చేప బరువులో ఫిల్లెట్లుగా మిగిలేది, 42 శాతం. అంటే సుమారు 23,800 కిలోల చేప లోపలికి వచ్చి ఉండాలి. కాగితాల్లో 18,000 కిలోలే ఉంటే దిగుబడి 55 దాటుతుంది. మిగతా చేప ఎక్కడిది?

దొంగ అని అరిచే ముందు మూడు చూడాలి. ఆ 10,000లో మంచు పూత, అంటే గ్లేజ్, కలిసి ఉందా? 10 శాతం గ్లేజ్ తీసేస్తే 9,000 కిలోలు, దిగుబడి 50కి దిగుతుంది. ఫాస్ఫేట్ నీళ్లలో నానబెట్టి బరువు పెంచారా? మూడోది తరచూ మరిచిపోయేది: ఆ 18,000 నిండు చేప బరువా, తల, పేగులు తీశాక బరువా? తీసిన చేపే కొని ఉంటే 50లో వింతేమీ లేదు. అందుకే ప్రతి బరువు పక్కనా చేప ఏ స్థితిలో ఉందో రాయించుకోండి. చేప కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉంటుంది కాబట్టి ఒక్క రోజు లెక్క చాలదు. మూడు నెలలకు మొదటి నిల్వ, కొనుగోలు ఒకవైపు. తయారైంది, వ్యర్థం, చివరి నిల్వ మరోవైపు పెట్టి చూడండి.

యూరప్‌కు వెళ్లే సముద్ర వేట సరుకుకు 2010 నుంచి క్యాచ్ సర్టిఫికెట్, అంటే చేపను చట్టప్రకారమే పట్టారని బోటు జెండా దేశం ధ్రువీకరించే పత్రం, ఉండాలి. ఒక దేశం బోటు పట్టింది మరో దేశంలో ముక్కలు చేస్తే, దానితో ప్రాసెసింగ్ స్టేట్‌మెంట్ వస్తుంది. అందులో దించిన మొత్తం, వాడిన చేప, తయారైన సరుకు అని మూడు గడులుంటాయి. ఒకే సర్టిఫికెట్ నంబరుతో వచ్చిన స్టేట్‌మెంట్లన్నీ తీసి "వాడిన చేప" గడిని కూడండి, దించిన మొత్తాన్ని దాటకూడదు. కాగితాల కాలంలో ఒకే సర్టిఫికెట్ జిరాక్సులు వేర్వేరు రేవుల్లో చూపిస్తే పట్టుకోవడం కష్టం. దిగుమతిదారులకు 2026 జనవరి 10 నుంచి "క్యాచ్" డిజిటల్ వ్యవస్థ తప్పనిసరి చేయడానికి అదొక కారణం. చెరువుల్లో పిల్ల నుంచి పెంచిన రొయ్య, చేప ఈ సర్టిఫికెట్ కిందికి రావు. వాటికి మేత ఎక్కడిదో అడగాలి, మేతలో వేసే చేపల పొడి, అంటే ఫిష్‌మీల్‌లో కలిసిన చిన్న చేపల దగ్గర గొలుసు తెగిపోవడం మామూలే.

సముద్రంలోనే ఒక బోటు నుంచి రీఫర్ ఓడకు (సరుకు మోసే శీతల ఓడకు) సరుకు ఎక్కిస్తే మరో గండి. ఓడల కదలికలను చూపించే గ్లోబల్ ఫిషింగ్ వాచ్ మ్యాపులో రెండు ఓడలు 500 మీటర్ల లోపు, కనీసం 2 గంటలు, 2 నాట్ల (గంటకు సుమారు 3.7 కిలోమీటర్ల) కంటే తక్కువ వేగంతో ఉంటే దాన్ని కలయికగా చూపిస్తుంది. కాగితంలో ఆ బదిలీ, దానికి అనుమతి లేకపోతే నిలదీయవచ్చు. ఓడ ఎక్కడుందో చెప్పే ఏఐఎస్ సిగ్నల్ కాసేపు లేదని మాత్రం నేరం అంటగట్టకండి, కొన్నిచోట్ల సిగ్నల్ అందదు.

డీఎన్ఏ పరీక్ష జాతి చెప్తుంది, బోటు చెప్పదు. డబ్బాలో వండిన ట్యూనాలో డీఎన్ఏ ముక్కలైపోతుంది కాబట్టి ఆ పరీక్ష డబ్బా చేపకు చేసే ల్యాబుకే పంపాలి.

ఇవన్నీ సరిపోయినా, వల లాగిన మనిషి గురించి ఒక్క ముక్క తెలియదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 188వ ఒప్పందం ప్రకారం మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే బోటు మీద రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలి. సిబ్బంది జాబితా, వాళ్ల భాషలో ఉన్న పని ఒప్పందం, బోటు చివరిసారి రేవుకు వచ్చిన తేదీ అడగండి. ఉద్యోగం ఇప్పించిన ఏజెంటుకు డబ్బు కట్టింది యజమానా, కూలీయా అనేది కూడా ఆ కాగితంలోనే రాసివ్వమనండి.