చీకటి శక్తి మీద హక్కు ఎవరిది?

ప్రశ్న: చీకటిని పరిచి శత్రువుల కళ్ళు కమ్మేసే ఒక నాయికతో తెలుగులో కామిక్ పుస్తకం గీశాను. ఆమె ఒళ్ళు నీలం, బట్టలు నలుపు, శక్తి తాతముత్తాతల నుంచి వచ్చింది. పేరు ‘షాడో గాళ్’. అమెరికా కామిక్స్‌లోని షాడో లాస్ అచ్చం ఇలాగే ఉంటుందని, కేసు పడుతుందని స్నేహితురాలు అంటోంది. కాలేజీ రోజుల్లో ఆ కామిక్స్ చదివిన మాట నిజమే. ప్రచురణకర్త పంపిన అగ్రిమెంటులో ‘ఏ వివాదం వచ్చినా పూర్తి బాధ్యత చిత్రకారిణిదే’ అని ఉంది. సంతకం పెట్టవచ్చా? కొన్ని పేజీలు జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఆ షరతు ఉన్నంతవరకు సంతకం పెట్టకండి. బొమ్మలు ఇప్పుడున్న రూపంలో అచ్చుకు ఇవ్వకండి. అలాగని కథను పక్కన పడేయాల్సిన పని లేదు.

చీకటిని ఆయుధంగా వాడటం అనేది ఒక ఆలోచన. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైటు ఉండదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఒక నాటకాన్ని సినిమాగా తీసేశారన్న గొడవ అది. విషయం ఒకటే అయినా, దాన్ని చెప్పిన తీరు వేరైతే కాపీ కాదని తేల్చారు. కామిక్స్ చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. డీసీ అనే అమెరికా కామిక్స్ సంస్థ వాళ్ళ షాడో లాస్ 1968లో వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే చార్ల్‌టన్ అనే మరో సంస్థ నీడగా మారే నైట్‌షేడ్‌ను తెచ్చింది. 1982లో మార్వెల్ అనే ఇంకో సంస్థ వాళ్ళ క్లోక్ వచ్చాడు, అతని శక్తీ చీకటే. కాబట్టి శక్తి గురించి మీరు భయపడక్కర్లేదు.

మీ చిక్కు మిగతా వాటితో. షాడో లాస్ టాలోక్ 8 అనే గ్రహం పిల్ల. ఒళ్ళు నీలం, శక్తి పూర్వీకుల నుంచి సంక్రమించింది. మీ నాయికకూ అదే రంగు, అదే పుట్టుక, పేరులో సగం కూడా అదే. ఇవి విడివిడిగా ఎవరైనా వాడుకోవచ్చు. అన్నీ ఒకేచోట చేరితే మాత్రం పాఠకుడికి ఆ పిల్లే గుర్తొస్తుంది. ‘నాగరాజ్’ కామిక్స్ వేసే రాజా పాకెట్ బుక్స్ వాళ్ళు, మరో సంస్థ తెచ్చిన ‘నాగేశ్’ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళిన కేసు మీరు తప్పక తెలుసుకోవాలి. పేరు, పచ్చటి రూపం, పాము శక్తులు అన్నీ కలిపి చూసి కోర్టు నాగేశ్‌ను ఆపేసింది. మీ పుస్తకాన్నీ అలాగే మొత్తంగా చూస్తారు.

అమెరికా బొమ్మకు ఇక్కడ రక్షణ ఏముంటుందని అనుకోవద్దు. ఒక దేశం రచనలకు మరో దేశంలోనూ కాపీరైటు రక్షణ ఇచ్చే బెర్న్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయి, డీసీ వాళ్ళు మన కోర్టులోనే దావా వేయవచ్చు. పైగా మీరు ఆ కామిక్స్ చదివారు. చదవడం నేరం కాదు, కానీ ‘నాకు తెలియదు’ అనే వాదన మీకు మిగలదు. తెలిసి ఉల్లంఘిస్తే మన కాపీరైటు చట్టం సెక్షన్ 63 కింద సాధారణంగా 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జుర్మానా.

ముందు పేరు మార్చండి, తర్వాత ఒంటి రంగు. శక్తి ఎలా వచ్చిందన్నది మీ కథలోనే ఉంది. బొగ్గు గనిలో దీపాలు ఆరిపోతే ఆమె కార్మికులను ఒకరి భుజం మీద ఒకరిని చెయ్యి వేయించి, వరసగా బయటికి నడిపించే పేజీ పంపారు చూడండి, నాకు చాలా నచ్చింది. ఆమె శక్తిని తాతముత్తాతలకు బదులు ఆ గనితో ముడిపెట్టండి, అక్కడ ఆమె పూర్తిగా మీ మనిషి. మార్చినకొద్దీ చిత్తు బొమ్మలను తేదీలతో సహా దాచండి.

ఇక అగ్రిమెంటు. ‘పూర్తి బాధ్యత’ అంటే వాళ్ళ లాయరు ఫీజు, అమ్ముడుపోని కాపీల నష్టం కూడా మీ నెత్తినే పడతాయి. దానికి బదులు ‘నాకు తెలిసినంతవరకు ఇది నా సొంత రచన, నా బాధ్యత నేను అందుకున్న పారితోషికానికి మించదు’ అని రాయించుకోండి. హక్కులు ఎన్నేళ్ళకు, ఏ ప్రాంతానికి ఇస్తున్నారో కూడా రాయించండి. రాయకపోతే అదే చట్టం సెక్షన్ 19 ప్రకారం 5 ఏళ్ళకు, భారతదేశం వరకే ఇచ్చినట్టు లెక్క. అది మీకు మేలే, కానీ ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు ఎక్కడైనా ఇరికించారేమో ప్రతి పేజీ చదివి చూసుకోండి.