బరువు మామూలుగా ఉన్నవారికీ తిండి రుగ్మత ఉంటుందా?

ఉంటుంది, మనిషి చిక్కిపోకపోయినా, అదుపు తప్పి తిని వెంటనే వాంతి చేసుకునే బులీమియా అనే మానసిక రుగ్మత ప్రాణం మీదకు తేగలదు. మాటిమాటికీ వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. గుండె లయ తప్పకుండా కొట్టుకోవడానికి అది అవసరం గనుక, బాగా తగ్గినప్పుడు, చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా గుండె ఉన్నట్టుండి ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఉదాహరణకు, పర్లాకిమిడిలో ప్లస్ టూ చదివే ఒక అమ్మాయి రోజూ ఇంటిల్లిపాదితో కలిసి కడుపునిండా అన్నం తిని, చెయ్యి కడుక్కున్న వెంటనే స్నానాలగదిలో చాలాసేపు కుళాయి తిప్పి ఉంచుతుందనుకుందాం. బరువు తగ్గలేదు గనుక ఎవరికీ అనుమానం రాదు; కానీ ముందుపళ్ల లోపలివైపు ఎనామిల్ కరిగి చల్లటి నీళ్లకే పళ్లు జివ్వుమంటాయి, దవడల దగ్గర గ్రంథులు ఉబ్బుతాయి, వాంతి కోసం గొంతులో వేళ్లు పెట్టుకోవడంతో కణుపుల మీద పళ్లు ఒరుసుకుని కాయలు కాస్తాయి. పళ్ల డాక్టరే మొదట పసిగట్టే సందర్భాలూ ఉన్నాయి.

ఇది పొగరనీ, అందం పిచ్చి అనీ, గట్టిగా మందలిస్తే మానేస్తారనీ చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మందలింపుతో సిగ్గు పెరిగి, దాచుకోవడం ఇంకా ఎక్కువవుతుంది. మగపిల్లలకూ ఇది వస్తుంది. రక్తపరీక్ష, ఈసీజీలతో పాటు మానసిక వైద్యుని చికిత్స కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.