అల్లికలు, పాత వస్తువుల సరదాకి నెలకెంత పెట్టొచ్చు?

ప్రశ్న: ఊలు అల్లికలు, క్రోషే (కొక్కెం ఉన్న సూదితో చేసే అల్లిక), ఇంట్లో కొవ్వొత్తులు పోసుకోవడం, పాత బట్టలూ పాత సామానూ వెతికి తెచ్చుకోవడం నాకు చాలా ఇష్టం. చేత్తో చేసుకుంటే, పాతవి కొంటే ఆదా అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మొన్న ఆరు నెలల లెక్క తీస్తే ఇంటికొచ్చే జీతంలో నూటికి 9 వంతులు వీటికే పోయింది. క్రెడిట్ కార్డు మీద నెల జీతంలో సగం దాకా బాకీ ఉంది. అంతా దండగ, మానెయ్యమని మావారంటారు. అల్లినవి అమ్మి సంపాదించమని మా చెల్లి అంటుంది. లెక్క కాగితం జతచేశాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: మానెయ్యకండి. ముందే ఈ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం నిండా ఆ భయమే కనిపించింది.

మీరు పంపిన కాగితం రెండుసార్లు చదివాను. మూడో నెలలో ఈ సరదా ఖర్చు దాదాపు సున్నా. ఆ నెల ఏం చేశారో పక్కనే చిన్న అక్షరాలతో రాసుకున్నారు: నాన్నగారి పాత స్వెటర్ విప్పి, ఆ ఊలుతో పాపకి చిన్న స్వెటర్ అల్లారు. విప్పిన ఊలు స్ప్రింగులా చుట్టుకుపోతుంటే చిలపలు, అంటే పొడవాటి వదులు చుట్టలు, కట్టి నీళ్ళలో నానబెట్టి, కింద చిన్న బరువు వేలాడదీసి ఆరబెట్టారు. నెలంతా సాయంత్రాలు దానికే సరిపోయాయి, పైసా ఖర్చు కాలేదు. ఇప్పుడు అయిదో నెల చూడండి. ఆఫీసు పని ఎక్కువై సూది ముట్టుకోలేదని మీరే రాశారు. ఆరు నెలల్లో అన్నిటికంటే ఎక్కువ కొన్నది ఆ నెలలోనే: పదకొండు ఊలు ఉండలు, కొవ్వొత్తి అచ్చులు, రెండు పాత కోట్లు.

చేసే తీరిక దొరకనప్పుడు కొంటున్నారన్నమాట. ఊలు పట్టుకుని రంగు చూసి, దీనితో శాలువా అల్లుదాం అనుకుంటూ ఇంటికి తెచ్చుకున్న రోజు నిజంగానే హాయిగా ఉంటుంది. నేనూ అల్లుతాను, నాకూ తెలుసు. కానీ మీకు ఇష్టమైనది అల్లడం. డబ్బంతా పోతున్నది కొనడానికి. ఒకే పద్దు కింద రాస్తున్నారు గనుక మీవారికి రెండూ ఒకటిగానే కనిపిస్తున్నాయి, మీకూ అంతే. రేపటి నుంచి రెండు వరుసలుగా రాయండి. ఒక దాంట్లో కొన్నవి, రెండో దాంట్లో పూర్తిచేసినవి.

ఆదా అనే మాట కూడా ఆ పద్దులోంచి తీసెయ్యండి. మామూలు స్వెటర్ కొనే డబ్బుతో మంచి ఊలే రాదని మీకు నాకంటే బాగా తెలుసు. పెద్దవాళ్ళ స్వెటర్‌కి మధ్యరకం మందం ఊలు సుమారు 1,000 నుంచి 1,500 మీటర్లు కావాలి. పాత కోటు సగం ధరకే వచ్చినా, అవసరం లేనప్పుడు ఆ సగమూ ఖర్చే. దీన్ని సంతోషం ఖర్చు అని రాసుకోండి. ప్రయాణాలకి, సినిమాలకి పెట్టుకున్నట్టే దీనికీ పెట్టుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆ పేరుతో రాసుకుంటే దానికో హద్దు పెట్టడం కూడా తేలికవుతుంది.

ఆ హద్దు ఎంతంటే, కార్డు బాకీ తీరేదాకా నూటికి 2. మిగిలిన 7 కార్డుకి. నెలకి నూటికి 3 చొప్పున వడ్డీ పడే కార్డైతే, కట్టకుండా వదిలేసిన బాకీ రెండేళ్ళలో రెట్టింపవుతుంది. కార్డు మీద కొత్తగా ఏమీ కొనకుండా, నెలనెలా వడ్డీతో పాటు ఆ 7 కూడా కడుతూ పోతే ఎనిమిదో నెలలో తీరిపోతుంది. తరవాత ఆరు నెలల ఇంటి ఖర్చు అత్యవసర నిధిగా పక్కన పడేదాకా సరదాకి 3 చాలు. అదీ పూర్తయ్యాక 5 దాకా వెళ్ళండి, నాకు అభ్యంతరం లేదు.

ఈ 2 వంతుల్లో ఏం సరదా అని దిగులు పడకండి. మీ అల్మారాలో ఇప్పటికే ముప్పై నాలుగు ఊలు ఉండలున్నాయి. చేతిలో ఉన్నది పూర్తయ్యాకే కొత్త ఊలు కొనాలి, ఇదొక్కటే నియమం. దీనికి ఒక మినహాయింపు ఇస్తాను, ఎందుకంటే ఇక్కడ పొదుపు చేస్తే నష్టం. ఒకే వస్తువుకి కావాల్సిన ఊలంతా ఒకేసారి కొనండి, ఒక ఉండ ఎక్కువే తెచ్చుకోండి. చుట్టూ ఉన్న కాగితం మీద రంగు నంబరు పక్కన లాట్ నంబరు ఉంటుంది, అన్ని ఉండల మీదా అది ఒకటేనా అని చూడండి. ఒకే రంగైనా వేరే విడత అద్దకంలోది వస్తే, అల్లిన తరవాత స్వెటర్ చేతి మీద గీత గీసినట్టు తేడా కనబడుతుంది. అప్పుడు మొత్తం విప్పాల్సిందే.

కొత్త కుట్టు మిషను వాయిదాల మీద తీసుకోవాలా అని చివర్లో అడిగారు. వద్దు. ఇళ్ళలో వాడే వస్తువుల్ని వాయిదాల మీద అమ్మడం పెద్ద ఎత్తున మొదలైంది కుట్టు మిషన్లతోనే. 1856లో సింగర్ కంపెనీ ఆ పద్ధతి తెచ్చింది. ఒక్కసారిగా కొనలేని ఇళ్ళు వాయిదాలతో మిషను తెచ్చుకున్నాయి, చాలామందికి అది బతుకుతెరువూ అయ్యింది. సంపాదించి పెట్టే మిషనుకి అప్పు చేయడం ఒక లెక్క, సరదాకి చేయడం ఇంకో లెక్క. మీకు పాత మిషను చాలు. మా అమ్మ వాడిన మిషను నా దగ్గర ఇప్పటికీ నడుస్తోంది, అప్పుడప్పుడూ నూనె చుక్క వేస్తే చాలు. పాత సింగర్ దొరికితే ఒంటి మీద చెక్కిన సీరియల్ నంబరు బట్టి ఏ ఏడాదిదో తెలుసుకోవచ్చు. చక్రం చేత్తో తిప్పి, సూది ఎక్కడా పట్టెయ్యకుండా లేచి దిగుతోందేమో చూడండి. కరెంటుతో నడిచేదైతే వైరు తొడుగు పగిలిందేమో తప్పకుండా చూడాలి.

పాత వస్తువుల దగ్గర మీరు డబ్బు పోగొట్టుకుంటున్నది ధరలో కాదు, బాగుచేయించడంలో. ఆ రెండు కోట్లలో ఒకదానికి లోపలి గుడ్డ మార్పించడానికి కొన్న ధరకంటే ఎక్కువైందని రాశారు. అందుకే ధర చూడగానే బాగుచేసే ఖర్చు కలపండి, వచ్చిన దాన్ని ఎన్నిసార్లు వేసుకుంటారో ఆ అంకెతో భాగించండి. పెళ్ళిళ్ళకి తప్ప వేసుకోనిదైతే అంకె చిన్నదే పెట్టాలి. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే చిమ్మట కొట్టిన చిల్లులు బయటపడతాయి. చంకల దగ్గర గుడ్డ పలచబడితే వదిలెయ్యండి, అది అతుకుకి ఆగదు. అసలు ఊలేనా అని అనుమానం వస్తే, కొన్నాక లోపలి కుట్టులోంచి పోగు లాగి పళ్ళెంలో కాల్చి చూడండి. ఊలైతే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. సింథటిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. చెక్క సామానైతే సొరుగు పూర్తిగా బయటికి లాగి మూలలు చూడండి. పళ్ళు పళ్ళుగా కోసి ఒకదాంట్లో ఒకటి బిగించిన మూల మేకులతో కొట్టిన దానికంటే ఎక్కువకాలం నిలుస్తుంది. సన్నని బెజ్జాలు, వాటి కింద తాజాగా రాలిన పొడి కనిపిస్తే ఎంత చవకైనా ఇంటికి తేవద్దు, పురుగు మిగతా సామానుకీ పాకుతుంది. పాత రంగు వేసిన బొమ్మలు పాపకి ఇవ్వకండి, ఆ రంగుల్లో సీసం ఉండే అవకాశముంది.

ఇవి ముందుముందు ధర పలుకుతాయన్న ఆశ మాత్రం లెక్కలోకి రానివ్వకండి. సాధారణంగా ఇరవై ఏళ్ళు దాటితే వింటేజ్, నూరు దాటితే యాంటిక్ అంటారు. వయసు ఒక్కటే ధర తెచ్చిపెట్టదు, కావాలనే మనిషి దొరకాలి.

ఇక చెల్లెలి సలహా. ప్రేమతోనే చెప్పింది, కానీ ఒక్కసారి లెక్క వేయండి. మీ శాలువాకి 40 గంటలు పట్టింది. ఎంతకి అమ్మగలరో ఆ ధరలోంచి ఊలు ఖర్చు తీసేసి, మిగిలింది 40తో భాగించి, మీ ఉద్యోగంలో గంటకి వచ్చే దానితో పోల్చండి. క్రోషే అయితే మరీ కష్టం. అసలైన క్రోషేని అల్లే యంత్రం కర్మాగారాల్లో వాడుకలోకి రాలేదు, యంత్రాలు దాన్ని పోలిన జాలీ మాత్రం నేస్తాయి. బజారులో చవకగా దొరికే అసలు క్రోషే టాప్ కూడా ఎవరో చేత్తో అల్లిందే, వాళ్ళకి గంటకి ముట్టింది చాలా తక్కువ. ఆ ధరతో మీరు పోటీ పడలేరు, పడకూడదు కూడా.

చేసినవాళ్ళకి తమ వస్తువు విలువ ఎక్కువగా కనిపిస్తుంది. 2012లో ముగ్గురు పరిశోధకులు దీన్ని అచ్చువేశారు: కాగితం మడిచి బొమ్మ చేసినవాళ్ళు తమ బొమ్మకి ఇస్తామన్న ధర, మిగతావాళ్ళు ఇస్తామన్న దానికి నాలుగు రెట్లు దాటింది. చేయడం సగంలో ఆగిపోతే ఆ అదనపు విలువ కనిపించలేదు. మీ అల్మారాలో సగంలో ఆగినవి ఎందుకు బరువుగా అనిపిస్తున్నాయో నాకు ఇందులోనే అర్థమైంది. 1973 నాటి ఇంకో ప్రయోగంలో, బొమ్మలు గీయడం ఇష్టమైన పిల్లలకి ముందుగా బహుమతి ఆశ చూపించి గీయించారు. కొన్ని రోజుల తరవాత స్వేచ్ఛగా వదిలేస్తే, ఆ పిల్లలు గీయడానికి పెట్టిన సమయం మిగతావాళ్ళతో పోలిస్తే సగమే. మీకు సాయంత్రాలు అల్లిక ఇచ్చే నిమ్మళం నాకు విలువైనదిగా కనిపిస్తోంది. గడువులు, కొలతలు, ఫిర్యాదులు దాన్ని పాడుచేస్తాయేమోనని నా భయం. ఎవరైనా ముచ్చటపడి అడిగితే ఒకటీ అరా అమ్మండి, ఆ డబ్బు ఊలు పద్దులోనే వేసుకోండి.

ఈ వారంలో మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని అల్మారా మొత్తం కింద పరవండి. సగంలో ఆగినవి ఎన్నో, ముట్టుకోని ఊలెంతో ఇద్దరూ కలిసి రాయండి. ఇక వాడనని అనిపించిన ఊలు, అచ్చులు అల్లిక తెలిసిన స్నేహితులకిచ్చి, మీకు కావాల్సినవి మార్చుకోండి. తరవాత ఆ బూడిద రంగు శాలువా బయటికి తీయండి, ఇంకా రెండు జానలే మిగిలిందని రాశారు. మూడు నెలలయ్యాక రెండు వరుసల లెక్క మళ్ళీ పంపండి. నేను ముందు రెండో వరుసే చదువుతాను.