కొత్త కారుతో కొండ దిగేటప్పుడు

నాయనా,

ఈ శనివారం కొత్త స్పోర్ట్స్ కారులో తిరుమలకు పోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఎక్కేటప్పటికి నేను చెప్పేది పెద్దగా లేదు. 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు, నీ బండికి సత్తువుంది, ఎక్కేస్తుంది. వానొస్తే మటుకు ఆ దారిలో బండరాళ్లు దొర్లుతాయి. కొండవారగా బండి నిలపొద్దు.

నా దిగులంతా దిగేటప్పుడే. అది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, 36 మలుపులు. పొద్దస్తమానం బ్రేకు మీద కాలు పెట్టి దిగితే ప్యాడ్లు కాగిపోతాయి, బ్రేకు ఆయిలు మరిగి బుడగలొస్తాయి. అప్పుడు పెడలు మెత్తగా లోపలికి పోతుంది గానీ బండి ఆగదు. కాలిన వాసన వచ్చిందంటే జాగా ఉన్నచోట పక్కకు తీసి చల్లారనీ. నీళ్లు మటుకు పోయొద్దు, డిస్కులు వంకర పోతాయి.

ఆటోమేటిక్ గదా అని డీ (డ్రైవ్) గేరులో పెట్టి వదిలేయొద్దు. స్టీరింగ్ వెనక ఎడమ పక్కనుండే గేరు మీట (ప్యాడిల్) నొక్కి రెండో గేరుకు దించు, బండిని ఇంజనే పట్టుకుంటుంది. న్యూట్రల్ మాట తలపెట్టొద్దు. గేరు దించడం, బ్రేకు వేయడం రెండూ మలుపుకు ముందే అయిపోవాల. మలుపులోకి దిగినాక చూపు ముందున్న గోడ మీద కాదు, దారి ఎటు తిరుగుతోందో అటుండాల. చేతులు చూపు వెంటే పోతాయి. మలుపు విప్పుకున్నాక మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వు. ఆ బండి పనితనం నీకు తెలిసేది అక్కడే, వేగంలో కాదు. దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదని దేవస్థానం పెట్టిన నిబంధన. 18 కిలోమీటర్ల దారికి అది సరిపోయిన లెక్కే, నేను దాని పక్షమే.

ఇంకోటి. ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, చప్పుడుండదు. చెవిని నమ్ముకోకుండా అద్దాలు చూసుకుంటా ఉండు. అక్కగార్ల గుడి, మోకాలిమిట్ట దగ్గర నడిచి ఎక్కే భక్తులు రోడ్డు పక్కనే పోతుంటారు, పిల్లలు చేయి విడిపించుకుని పరిగెత్తుతారు. అక్కడ ఇంకా తగ్గించు.

శుక్రవారం సాయంత్రం బండి తీసుకుని ఇంటికి రా. టైర్లలో గాలి, బ్రేకు ఆయిలు ఇద్దరం చూద్దాం. మీ పెద్దమ్మ రాగి సంగటి చేస్తానంటోంది.

మీ పెదనాయన