నాన్న బీడీలు, తమ్ముడు ఖైనీ మానాలంటే: మా అమ్మ అడ్డపొగ మానిన అనుభవం

మీ నాన్నగారు బీడీలు, తమ్ముడు ఖైనీ ఎంత తిట్టినా మానట్లేదని రాశారు. ముందు తిట్టడం ఆపేయండి. మా ఇంట్లో ఆ పని నేను ఆరేళ్ళు చేశాను. అమ్మ నా ముందు కాల్చడం మానేసి, దొడ్లోకి వెళ్ళి కాల్చేది. అంతే తేడా.

మాది శ్రీకాకుళం జిల్లా. అమ్మది అడ్డపొగ, అంటే చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు పెద్దవయసు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఉంది. నాట్లేసేటప్పుడు రెండు చేతులూ బురదలో ఉంటాయి, వానకీ గాలికీ చుట్ట ఆరదు. అమ్మ పెదాలతోనే చుట్ట సర్దుకుని, నుసి ఉమ్మేసి, వంగిన నడుము ఎత్తకుండా నాటుకుంటూ పోయేది. వాళ్ళమ్మని చూసి నేర్చుకుందట.

నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్తే "సిగరెట్టు, మందు అలవాటుందా?" అని అడిగేవారు. అమ్మని ఏ డాక్టరూ ఒక్కసారి కూడా అడగలేదు. ఆడవాళ్ళకి ఇలాంటివి ఉండవనుకుంటారు. నాకు ఇప్పటికీ బాధ అదే. చివరికి పంటినొప్పికని వెళ్తే, డెంటిస్టు టార్చి వేసి అద్దంలో అంగిలి చూపించారు. తెల్లగా మందంగా అయిపోయింది, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. అమ్మ చాలాసేపు అద్దం వదల్లేదు.

ఆ వారమే 1800 11 2356కి ఫోన్ చేశాం. పొగాకు మానాలనుకునేవాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ నంబరు అది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. 2018 నుంచి పొగాకు ప్యాకెట్ల మీద ఈ నంబరు వేస్తున్నారు, కానీ చదువురాని వాళ్ళకి అది ఉన్నా లేనట్టే. కాబట్టి మీరే నంబరు కలిపి ఫోను నాన్నగారి చేతికివ్వండి. వాళ్ళు అమ్మని ముందు అడిగింది, ఏ టైములో బాగా కాల్చాలనిపిస్తుందని. టీ తాగాక, పొలంలో, రాత్రి భోంచేశాక. ఆ మూడు టైములకీ కొంగున సోంపు, లవంగాలు కట్టుకుంది.

మొదటి మూడు రోజులు నరకం చూసింది. చిరాకు, తలనొప్పి, నిద్ర లేదు. మూడో వారానికి తేరుకుంది. నాట్లప్పుడు మళ్ళీ మొదలెట్టింది. ఈసారి నేనేమీ అనలేదు, ఇంకో తేదీ పెట్టుకుందాం అన్నాను. రెండోసారి నిలిచింది. నాలుగేళ్ళయింది.

తమ్ముడి సంగతి వేరు. మా తమ్ముడిదీ ఖైనీయే. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికెళ్ళి, పదహారేళ్ళకే మొదలెట్టాడు. ఆకలి తెలీదు, నిద్ర రాదు అని సైట్లో పెద్దవాళ్ళే చేతిలో పెట్టారు. వాడికి 2 మి.గ్రా. నికోటిన్ గమ్ పనిచేసింది. మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేసి మొదట్లో ఎక్కిళ్ళు, గుండెల్లో మంట అన్నాడు. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గన పెట్టి ఆపాలి. టీ తాగిన పావుగంట దాకా వేసుకోకూడదు. ఖైనీ పొట్లం చిల్లర డబ్బులకి దొరుకుతుంది, మాన్పించే గమ్‌కి అంతకు ఎన్నో రెట్లు పెట్టాలి. కూలి చేసుకునేవాడికి ఇది అన్యాయం. మీ జిల్లా ఆసుపత్రిలో పొగాకు మాన్పించే విభాగం ఉంటే ముందు అక్కడ అడగండి.

ఈలోగా ఇద్దరి నోళ్ళూ ఒకసారి డెంటిస్టుకి చూపించండి. తమ్ముడు ఖైనీ పెట్టుకునే కింది పెదవి లోపల మరీ ముఖ్యం. రెండు వారాలైనా మానని పుండో, తెల్లమచ్చో ఉంటే ఆలస్యం చేయకండి.