టైటిల్ వన్ రీడింగ్ సహాయం గురించి మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

బాబును రెండో తరగతిలో టైటిల్ వన్ రీడింగ్ గ్రూపులో, అంటే చదవడంలో వెనకబడిన పిల్లలకు అమెరికా ఫెడరల్ ప్రభుత్వ డబ్బుతో అదనంగా పాఠం చెప్పే చిన్న గ్రూపులో, చేరుస్తామని బడి నుంచి ఉత్తరం వచ్చిందనీ, సంతకం పెట్టాలా వద్దా అని మీ దంపతులిద్దరూ తర్జనభర్జన పడుతున్నారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. న్యూజెర్సీ ప్రాథమిక బడుల్లో ఆ గ్రూపులకే పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కనుక నా సలహా ముందే చెబుతున్నాను. సంతకం పెట్టు. అయితే ఆ సహాయం ఎలా నడుస్తుందో తెలుసుకుని, పెట్టిన తరువాత బడిని ఏమి అడగాలో కూడా తెలుసుకుని పెట్టు. సంతకం పెట్టి ఊరుకున్న ఇంట్లో పిల్లవాడికి అందే సహాయానికీ, తల్లిదండ్రులు వెంటబడి అడిగే ఇంట్లో పిల్లవాడికి అందే సహాయానికీ ఉన్న తేడాను నేను కళ్ళారా చూశాను.

ముందుగా అల్లుడుగారి సందేహం తీరుస్తాను. పేదపిల్లల పథకంలో మనవాణ్ణి ఎందుకు వేశారని ఆయన బాధపడుతున్నారట. 1965 ఏప్రిల్ 11న ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ టెక్సాస్‌లో తాను చిన్నప్పుడు చదువుకున్న ఒంటిగది బడి దగ్గర, తనకు మొదట పాఠం చెప్పిన టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టం మీద సంతకం చేశారు. అందులో మొదటి అధ్యాయమే ఈ టైటిల్ వన్. ఆ చట్టం 2002లో నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ అనే పేరుతోనూ, 2015 డిసెంబరులో ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ అనే పేరుతోనూ తిరిగి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో దీనికింద ఏటా 18 బిలియన్ డాలర్లకు పైగా ఫెడరల్ డబ్బు రాష్ట్రాలకు చేరుతోంది. రాష్ట్రం దాన్ని స్కూల్ డిస్ట్రిక్టులకు, అంటే ఒక ప్రాంతంలోని పబ్లిక్ బడులను నడిపే సంస్థలకు, పంచుతుంది. డిస్ట్రిక్టు తన బడులను పేద కుటుంబాల పిల్లల శాతాన్ని బట్టి వరుసలో పెట్టి, ఆ శాతం 75 దాటిన బడులకు ముందుగా ఇచ్చి, తరువాత మిగిలిన వాటి సంగతి చూస్తుంది. అంటే, బడికి డబ్బు రావాలా వద్దా అన్నంతవరకే పేదరికం లెక్క. వచ్చిన డబ్బుతో ఏ పిల్లవాడికి సాయపడాలన్నది వాడి చదువును చూసి నిర్ణయిస్తారే తప్ప వాడి తండ్రి జీతం చూసి కాదు. మనవాళ్ళు ఎక్కువగా ఇళ్ళు కొనుక్కునే ధనిక సబర్బుల్లో చాలా బడులకు ఈ డబ్బే రాదు. అక్కడి తల్లిదండ్రులు ఇదే పాఠానికి ట్యూషన్ సెంటర్లలో సొంత డబ్బు కట్టుకుంటున్నారు.

వీసా భయం కూడా పెట్టుకోవద్దు. ఇది మీరు దరఖాస్తు పెట్టి తీసుకునే సంక్షేమ సాయం కాదు, బడి చదువులో భాగం. ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారేమో అని వీసా, గ్రీన్‌కార్డు అధికారులు చూసే పబ్లిక్ ఛార్జ్ లెక్కలోకి పబ్లిక్ బడిలో చదువుకోవడం రాదు.

ఈ సహాయం రెండు పద్ధతుల్లో నడుస్తుంది. పేదపిల్లలు 40 శాతమో అంతకంటే ఎక్కువో ఉన్న బడి మొత్తం బడికి కలిపి ఆ నిధులు వాడుకోవచ్చు; దాన్ని స్కూల్‌వైడ్ అంటారు, అక్కడ ఫలానా పిల్లవాడు టైటిల్ వన్ పిల్లవాడు అన్న మాటే ఉండదు. రెండోది టార్గెటెడ్, అంటే వెనకబడిన పిల్లలను ఎంచి, పేర్లు రాసుకుని, వాళ్ళకే ఖర్చు పెట్టడం. మీకు బాబు పేరు మీద ఉత్తరం వచ్చిందంటే మీది బహుశా రెండో పద్ధతి బడి. ఈ పద్ధతిలో పిల్లలను మామూలు క్లాసు నుంచి బయటికి తీసుకెళ్ళడం వీలైనంత తగ్గించాలని చట్టంలోనే ఉంది. పైగా ఫెడరల్ డబ్బు రాష్ట్రం, డిస్ట్రిక్టు పెట్టవలసిన ఖర్చుకు అదనంగా ఉండాలే తప్ప దాని బదులుగా ఉండకూడదు. అందువల్ల నువ్వు మొట్టమొదట అడగవలసినది, ఏ పాఠం జరుగుతున్నప్పుడు వాణ్ణి గ్రూపుకు పిలుస్తారన్నదే. క్లాసులో అసలు రీడింగ్ పాఠం జరిగే వేళ వాణ్ణి బయటికి తీసుకెళితే అది అదనం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నను మర్యాదగా, కానీ తప్పకుండా అడుగు.

వాణ్ణి ఎలా ఎంచారో కూడా అడిగి తెలుసుకో. సాధారణంగా శరదృతువులో, చలికాలంలో, వసంతంలో, ఏడాదికి మూడుసార్లు పిల్లలందరికీ చిన్న పరీక్ష పెడతారు. ఒక నిమిషంలో ఎన్ని మాటలు తప్పులేకుండా చదివాడో లెక్కపెట్టేది ఒకటి. అర్థంలేని మాటలను చదివించేది ఇంకొకటి. మిప్, సట్ వంటి ఏ పుస్తకంలోనూ కనిపించని మాటలను కాగితం మీద పెట్టి చదవమంటారు. ఇదేం పరీక్షని తల్లిదండ్రులు విసుక్కుంటారు కానీ, నా దృష్టిలో ఇంతకంటే నిజం చెప్పే పరీక్ష లేదు. జ్ఞాపకశక్తి బాగా ఉన్న పిల్లలు ఒకటో తరగతి పుస్తకాలను బొమ్మలు చూసి, మొదటి అక్షరం చూసి, ఊహించి గడగడా అప్పజెబుతారు. ఎన్నడూ చూడని మాట ఎదురైనప్పుడే అక్షరాల నుంచి ధ్వనిని రాబట్టడం వాళ్ళకు వచ్చునో రాదో బయటపడుతుంది. మీవాడు ఇంట్లో బాగానే చదువుతున్నాడు కదా అని నీకు అనిపించడానికి కారణం ఇదే అయి ఉండవచ్చు. ఆ పరీక్ష కాగితం చూపించమని అడుగు. వాడు ఎక్కడ ఆగాడో అందులో వరుసగా కనిపిస్తుంది.

గ్రూపులో ముగ్గురు నుంచి అయిదుగురు పిల్లలు ఉంటారు. వారంలో చాలా రోజులు దాదాపు అరగంట సేపు రీడింగ్ స్పెషలిస్టు గానీ, టీచరు పర్యవేక్షణలో పనిచేసే పారా (పారాప్రొఫెషనల్ అనే సహాయకులు) గానీ పాఠం చెబుతారు. చెప్పేవారి అర్హతలు అడిగే హక్కు టైటిల్ వన్ బడిలో తల్లిదండ్రులకు చట్టమే ఇచ్చింది. పారా విషయంలో కూడా అడగవచ్చు. ఏ నైపుణ్యం మీద పనిచేస్తున్నారు, ఎన్ని వారాలకొకసారి కొలుస్తారు, మెరుగు కనిపించకపోతే ఏమి మారుస్తారు అని అడుగు. రీడింగ్ బాగుపడాలి అన్న జవాబుతో తృప్తిపడవద్దు. రెండు అచ్చులు పక్కపక్కన వచ్చిన మాటల దగ్గర ఆగుతున్నాడు అన్నంత స్పష్టంగా చెప్పగల టీచరు దొరికితే మీ అదృష్టం.

ఇక ఇంటి పని. నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల బృందం 2000లో ఇచ్చిన నివేదిక మాటలోని ధ్వనులను విడివిడిగా వినగలగడం, అక్షరాలను ధ్వనులతో కలపడం, ధారాళంగా చదవడం, పదసంపద, చదివింది అర్థం చేసుకోవడం అనే అయిదింటినీ ముఖ్యమైనవిగా చెప్పింది. ఆ తరువాత ఫెడరల్ ప్రభుత్వం రీడింగ్ ఫస్ట్ అనే కార్యక్రమానికి చాలా డబ్బు పోసింది. 2008లో వచ్చిన మదింపులో ఒకటో తరగతి పిల్లలు మాటలను విడదీసి చదవడం మెరుగైనట్టు తేలింది కానీ, చదివింది అర్థం చేసుకోవడంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అక్షరాల పని బడి చేయగలదు. అర్థానికి కావలసిన మాటలు, కథలు, లోకజ్ఞానం మాత్రం అరగంట గ్రూపులో సమకూరవు, అవి ఇంట్లో మాటల ద్వారానే వస్తాయి. అందుకని ఇంగ్లీషు కోసం తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. పడుకునే ముందు తెలుగులో కథ చెప్పి, ఆ తరువాత ఏమయి ఉంటుంది, వాడు ఎందుకు అలా చేశాడు అని అడుగుతూ ఉంటే, అర్థం చేసుకునే ఆ అలవాటు ఇంగ్లీషు పుస్తకం దగ్గరా వాడికి పనికి వస్తుంది.

ధ్వనుల విషయంలో మన తెలుగువాళ్ళు ఒకటి జాగ్రత్త పడాలి. మన హల్లుల్లో అకారం కలిసే ఉంటుంది కనుక, ఇంగ్లీషు అక్షరాల ధ్వనులు చెప్పమంటే మనం బ, ట అని పూర్తిగా పలుకుతాం. పిల్లవాడు బ, ఆ, ట అని విని వాటిని కలిపితే బ్యాట్ అన్న మాట రాదు, బఆట వస్తుంది. పొల్లుగా బ్, ట్ అని తెగ్గొట్టి పలకడం నువ్వు ముందు సాధన చెయ్యి. అలాగే సీ, ఏ, టీ, క్యాట్ అని మనం చిన్నప్పుడు వల్లించిన స్పెల్లింగు పద్ధతిని ఇప్పుడు పక్కన పెట్టు. అక్షరాల పేర్లను ఎంత వేగంగా చెప్పినా మాట పుట్టదు, ధ్వనులను కలిపితేనే పుడుతుంది. రోజూ పది నిమిషాలు చాలు, అంతకు మించి కూర్చోబెడితే వాడికి పుస్తకం మీదే విరక్తి పుడుతుంది.

ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇచ్చే ఇ.ఎస్.ఎల్. వేరు, దాని నిధులు టైటిల్ త్రీ కింద వస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారన్న ఒక్క కారణంతో రీడింగ్ సమస్యను దాని ఖాతాలో వేయనివ్వవద్దు. అవసరమైతే రెండూ అందుకోవచ్చు. వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చే స్పెషల్ ఎడ్యుకేషన్ ఇంకా వేరు. కొన్ని నెలల తరువాత కూడా మెరుగు కనిపించకపోతే, డిస్‌లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే సమస్య) వంటిది ఉందేమో చూడమని ఎవాల్యుయేషన్ కోరుతూ రాతపూర్వకంగా అడుగు. ముందు గ్రూపు పూర్తి కానివ్వండి అని ఆ కోరికను వాయిదా వేయడానికి ఫెడరల్ నియమాలు ఒప్పుకోవు. మీ సమ్మతి అందిన తరువాత, రాష్ట్రం వేరే గడువు పెట్టుకోకపోతే, 60 రోజుల్లో ఆ పరీక్షలు ముగించాలి. నోటిమాటగా అడిగితే ఎప్పుడు అడిగారో ఎవరికీ తెలియదు, అందుకే ఈమెయిలు పంపి దాచుకోమంటున్నాను.

టైటిల్ వన్ బడి ఏటా తల్లిదండ్రుల సమావేశం పెట్టి ఈ కార్యక్రమాన్ని వివరించాలి, బడి చేసేదేమిటో ఇల్లు చేసేదేమిటో రాసిన ఒప్పంద పత్రం కూడా తయారు చేయాలి. మన వాళ్ళు మార్కుల రోజున వెళతారు కానీ ఈ సమావేశానికి వెళ్ళరు. మీరిద్దరూ వెళ్ళండి, అల్లుడుగారిని తప్పకుండా తీసుకెళ్ళు.

సోమవారం సంతకం పెట్టిన కాగితంతో పాటు క్లాసు టీచరుకూ రీడింగ్ స్పెషలిస్టుకూ కలిపి ఒకే ఈమెయిలు రాయి. గ్రూపు వేళ, పని జరిగే నైపుణ్యం, కొలిచే తేదీలు, పరీక్ష కాగితం నకలు, ఈ నాలుగూ అడుగు చాలు. జవాబు వచ్చాక నాకు పంపితే, అందులో ఏమి ఉందో, ఏమి లేదో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
నీ అత్తయ్య