ఒకే పెట్ట పొదిగిన పిల్లల ఎదుగుదలలో ఇంత తేడా ఎందుకు?

రాయగడ నుంచి మీరు అడిగింది చదివాను. ఒకే పెట్ట 11 నాటు పిల్లల్ని లేపింది, అన్నిటికీ ఒకే మేత. రెండు నెలలు తిరిగేసరికి కొన్ని దాదాపు రెట్టింపు బరువున్నాయి. ఇది మేత లోపమా, జన్యువులా, డీఎన్‌ఏ పరీక్ష చేయించాలా అన్నారు. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా నాటుకోళ్లు పెంచుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు పుంజు పిల్లల్ని పుంజు పిల్లలతోనే పోల్చండి. మగవి ఎలాగూ ఎక్కువ బరువెక్కుతాయి. పెద్ద గుడ్డులోంచి వచ్చిన పిల్ల మొదటి రోజే కాస్త బరువుగా ఉంటుంది. కడుపులో పురుగులుంటే ఏదీ ఎదగదు. ఇవి పక్కన పెట్టాక కూడా తేడా ఉంటే జన్యువుల వైపు చూడాలి. మా పెరట్లో ఒకసారి 8 వారాలకు ఒక పుంజు పిల్ల 520 గ్రాములు, దాని పక్కదే 340 గ్రాములు తూగాయి. ఒకే తల్లి, కానీ తండ్రి ఒకడే అని ఎలా అనుకుంటాం? పెట్ట ఒకసారి జతకట్టాక ఆ వీర్యాన్ని రెండు వారాల దాకా దాచుకోగలదు. ఊళ్లో తిరిగే పెట్ట గుడ్లలో ఇద్దరు ముగ్గురు తండ్రులుండొచ్చు.

ఎదుగుదలను నడిపేది ఒక్క జన్యువు కాదు. గ్రోత్ హార్మోన్‌ను అందుకునే జన్యువు ఒకటి, ఐజీఎఫ్-1 అనే జన్యువు ఒకటి, ఆకలిని నడిపేవి కొన్ని, ఇలా చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి ఇచ్చే తేడా కొంచెమే. అందుకే మనలాంటి ఇంటి పెంపకానికి డీఎన్‌ఏ పరీక్ష అక్కర్లేదు, వంటింటి డిజిటల్ కాటా చాలు. ఒక్క జన్యువుతోనే కోడి బాగా చిన్నదైపోయే సందర్భమూ ఉంది, పొట్టి జన్యువు అంటారు. అది జెడ్ క్రోమోజోమ్ (పిల్ల మగదా ఆడదా అని తేల్చే జన్యువుల పోగు) మీద ఉంటుంది. పుంజుకు జెడ్‌లు రెండు, పెట్టకు ఒక్కటే, ఆ ఒక్కటీ తండ్రి నుంచే వస్తుంది, కాబట్టి తండ్రి నుంచి పొట్టి జన్యువు వస్తే పెట్ట పిల్ల చిన్నదైపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. అమెరికాలోని వర్జీనియాలో పాల్ సీగెల్ అనే శాస్త్రవేత్త 1957లో ఒకే మూలం కోళ్లను రెండు గుంపులు చేశారు. 56వ రోజున తూచి, ఒక గుంపులో బరువైనవాటినే, రెండోదాంట్లో తేలికైనవాటినే తర్వాతి తరానికి ఉంచారు. 40 తరాలకు రెండు గుంపుల మధ్య బరువు తేడా దాదాపు తొమ్మిది రెట్లైంది. బయటి నుంచి కొత్త జాతి ఏదీ కలపలేదు, ఎంపిక ఒక్కటే చేశారు.

అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఏళ్ల తరబడి మా ఇంట్లో జరిగింది ఆ రెండో గుంపు పనే. సంక్రాంతి ముందు పాతపట్నం వైపు నుంచి వ్యాపారులు వస్తే మంచి ధర అని బరువైన డేగ, కాకి రంగు పుంజులన్నీ ఇచ్చేసేవాళ్లం. ఎవరూ అడగని బక్క పుంజు మిగిలేది, మరుసటి ఏడు పిల్లలన్నిటికీ అదే తండ్రి. మందు వేసి, నూకలు, చోళ్లు ఎంత పోసినా పిల్లలు ఎదగడం లేదని బాధపడేవాళ్లం.

మధ్యలో వనరాజా అనే మెరుగుపరిచిన పెరటి కోడి రకం పుంజును తెచ్చి కలిపాను. మొదటి తరం పిల్లలు బాగా పెరిగాయి. వాటిలో వాటికే జత కట్టనిస్తే తర్వాతి తరం ఒక్కోటి ఒక్కోలా వచ్చింది, పెట్టలు కొన్ని పొదగడమే మానేశాయి. మాకు పొదిగే పెట్టే కావాలి కాబట్టి ఆ దారి వదిలేశాను.

ఇప్పుడు 8 వారాలకు అన్నిటినీ తూచి, అందరికన్నా బరువైన పుంజు పిల్ల కాలికి రంగు దారం కడతాను. కాలు లావయ్యేకొద్దీ దారం వదులు చేయాలి, లేకపోతే కోసుకుపోతుంది. దాన్ని సొంత చెల్లెళ్లతో కలవనివ్వను, పక్క ఊరివాళ్లతో పుంజులు మార్చుకుంటాం. నాలుగేళ్లలో పిల్లల బరువు మెరుగైంది, గుంపంతా కాస్త సమంగా కూడా ఉంది.

మీ 11 పిల్లల్లో పుంజులేవో తేలగానే తూచి, బరువైనదానికి దారం కట్టండి. పండక్కి వ్యాపారి ముందు దాన్నే అడుగుతాడు. రెండోదీ మూడోదీ అమ్మండి, దాన్ని మాత్రం ఇవ్వకండి.